సంపంగి చెరువు

బెంగుళూరులో యీనాడు మెజెస్టిక్ బస్సు స్టాండు వున్నచోట వొకప్పుడు ధర్మాంబుధి చెరువు వుండేదంటే మా పిల్లలు నవ్వుతారు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు గర్భంలో లేచిందంటే మరీ నవ్వుతారు. వాళ్ళనని యేం లాభం? ఎన్నడూ చూడని నీటిని నమ్మడమెలా?

చెరువులెలా పోయాయని అడిగితే, పూడ్చి యిళ్ళు కట్టేశారని మనం టకీమని చెప్పేస్తాం. హరిణి నాగేంద్ర గారు, హిత ఉన్నికృష్ణన్ గారు మొదలైనవారు పాత పటాలూ సర్కారు కాగితాలూ వెదికి, పెద్దవాళ్ళను అడిగి సంపంగి చెరువు చరిత్రను బయటికి తీశారు. (మావంటి గుమాస్తాలెవరో నకళ్ళు తీసి కట్టలు కట్టిన అర్జీలు యిన్నేళ్ళకు యిలా అక్కరకు వచ్చాయి!) ఆ చరిత్ర తెలిశాక మాకు తోచింది వేరు. చెరువుకు గండం యిళ్ళకంటె ముందు కొళాయితోనే వచ్చింది.

1896లో హెసరఘట్టనుంచి కొళాయి నీరు వూళ్ళోకి వచ్చింది. బిందె పట్టుకుని గట్టు దిగే పని తప్పింది. సంతోషమే. కాని చెరువుతో పని తీరింది కొళాయి వున్నవారికే. చెరువు నీటితో కూరగాయలూ పూలూ పండించే తిగళులకు తీరలేదు. తోటవాళ్ళకు నీరు కావాలి, యిటుకలవాళ్ళకు మట్టి కావాలి, మరికొందరికి చదునైన మైదానం కావాలి. చివరికి మైదానమే గెలిచింది.

1974నుంచి కావేరి నీరు సుమారు నూరు కిలోమీటర్లు ప్రయాణం చేసి మన కొళాయిలకు వస్తున్నది. 2022 సెప్టెంబరు వానలకు బెళ్ళందూరు వైపు యిళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. 2024 వేసవిలో బోరుబావులెండి టాంకర్లకోసం పరుగులు పెట్టాం. ఆ రోజుల్లో మా వాడకట్టులో టాంకరు ధర గురించి తప్ప మరో మాట లేదు. చెరువు వూసు యెవరూ యెత్తలేదు.

తిగళులు మాత్రం మరువలేదు. స్టేడియం పక్కన చిన్న కొలను వొకటి మిగిలింది. చైత్రమాసంలో ద్రౌపదీదేవి కరగ వుత్సవం జరిగేటప్పుడు నేటికీ అక్కడ పూజ చేస్తారు. తోటలు పోయినా ఆ నీటితో సంబంధం తెంచుకోలేదు.

మన పాఠకులలో పెద్దలనేకులు పేట ప్రాంతంలో పుట్టి పెరిగినవారు. తమ వీధి చివర యే చెరువు వుండేదో, తూము యెటు వుండేదో, గట్టుమీద యే అమ్మవారి గుడి వుండేదో జ్ఞాపకమున్నంతవరకు వ్రాసి పంపవలెనని కోరుతున్నాము. ఉత్తరం పొట్టిదైనా ఫరవాలేదు.