ఇదియు ఒక ఆటయేనా?

(చదువవలసిన వాక్యభాగము: లూకా సువార్త 15:25–32)



తప్పిపోయిన కుమారుని కథ తెలియనివారు మన సంఘములలో లేరు. అయితే చిన్నవాడు ఇల్లు చేరిన తరువాత జరిగిన సంగతిని మనము త్వరగా దాటిపోవుదుము. పెద్దవాడు పొలము నుండి వచ్చెను. ఇంటిలోనుండి ఆటపాటల సందడి వినబడెను. అతడు లోపలికి పోయి చూడలేదు. బయటనే నిలిచి ఒక పనివానిని పిలిచి సంగతి అడిగెను. విన్న తరువాత అలిగి గడప దాటలేదు. నేను ముప్పది ఏండ్లు ఆదివార పాఠశాలలో ఈ కథ చెప్పితిని. ఆ పెద్దవాడు నేనే అని తెలిసికొనుటకు మాత్రము సముద్రము దాటి పోవలసివచ్చెను.

2018 అక్టోబరులో నేను కెనడా దేశములో వాంకూవర్ పట్టణము ప్రక్కనున్న సర్రే అను ఊరికి, మా అమ్మాయి ఇంటికి వెళ్లితిని. ఆరు నెలలు అక్కడనే ఉంటిని. ఆ దేశమువారికి హాకీ అనగా ప్రాణము. అది మన మైదానములలో ఆడు హాకీ కాదు, మంచుగడ్డపై ఆడునది. ఆటగాళ్లు ఇనుప అంచుగల బూట్లు తొడిగి, గాలివలె జారుచు, పక్ అను నల్లని రబ్బరు బిళ్లను కఱ్ఱలతో కొట్టుదురు. గోలు కాయువానితో కలిపి పక్షమునకు ఆరుగురు మంచుమీద నుందురు.

వాంకూవర్ జట్టు పేరు కనక్స్. అది 1970లో పెద్ద లీగులో చేరెను. అక్కడి గొప్ప బహుమానము స్టాన్లీ కప్పు. దానికొరకు కనక్స్ 1982లోను, 1994లోను, 2011లోను తుదిపోటీ వరకు పోయి, మూడుమారులును ఓడిపోయెను. 1994లోను 2011లోను ఆ ఓటమి రాత్రులలో పట్టణపు వీధులలో అల్లరులు కూడ జరిగెను. నేను వెళ్లిన ఏడు అక్కడివారి మనస్సు మరింత నొచ్చియుండెను. స్వీడన్ దేశము నుండి వచ్చిన హెన్రిక్, డానియెల్ సెడిన్ అను కవల సోదరులు 2000 నుండి ఆ జట్టులో ఆడి, 2018 ఏప్రిలులో విరమించిరి. అప్పటికి జట్టు మూడేండ్లుగా ప్లేఆఫ్‌లకు కూడ చేరలేదు.

అట్టి సమయములో కనక్స్ యజమానులే మరియొక జట్టును పెట్టిరి. అది మంచుమీది జట్టు కాదు. కంప్యూటరులో ఓవర్‌వాచ్ అను ఆట ఆడు జట్టు. ఇట్టి ఆటలనే ఈ-స్పోర్ట్స్ అందురు. ఆటగాళ్లకు జీతములు, పోటీలకు బహుమానములు కలవు. 2018 డిసెంబరులో ఆ జట్టునకు వాంకూవర్ టైటన్స్ అని పేరు పెట్టిరి.

ఇక చూడవలెను జనుల మాటలు! మా అమ్మాయి పొరుగింటనున్న పెద్దాయన నలువది ఏండ్లుగా కనక్స్ అభిమాని. మంచు ఊడ్చుచు నాతో అనెను: “కుర్చీలో కూర్చుని ఆడేది ఆటా అయ్యా? చెమట పట్టనిది, దెబ్బ తగలనిది ఆట ఎట్లా అవుతుంది? ముందు మాకు కప్పు తెమ్మనండి!” మరి కొందరు, ఆటగాళ్లందరు కొరియా దేశస్థులు, ఆడునది అమెరికాలో లాస్ ఏంజలీస్ దగ్గర, ఇది మన ఊరి జట్టు ఎట్లగును అనిరి. నీలము, ఆకుపచ్చ మన జట్టు రంగులు, వారికెందుకు ఇచ్చిరని మరికొందరు నొచ్చుకొనిరి. ఇప్పటికైనను మన ఊరికి ఒక కప్పు వచ్చునేమోలే అని నవ్వినవారును కలరు.

నాకు ఆ మాటలన్నియు తేనెవలె నుండెను. ఏలయనగా మా మనుమడు, అప్పటికి పదునైదేండ్లవాడు, ఆ ఆటయందే లీనమై యుండెను. సాయంకాలము గదిలోనికి పోయి తలుపు వేసికొనును. చెవులకు యంత్రము తగిలించుకొనును. భోజనమునకు మూడుమారులు పిలువవలెను. ఒక ఆదివారము అక్కడి తెలుగు సంఘములో ఆరాధన ముగిసి అందరము టీ త్రాగుచుండగా, నేను గట్టిగా అంటిని: “మా కాలములో పిల్లలు మైదానములో ఆడేవారు. ఈ కాలపు పిల్లలు గదిలో కూర్చుని బొమ్మలను కాల్చుకొని దానికి ఆట అని పేరు పెట్టినారు. ఇది పనిలేనివారి పని!” పెద్దలు నవ్విరి. గోడ ప్రక్కన మా మనుమడును, వాని స్నేహితుడొకడును నిలిచియుండిరి. స్నేహితుడు టీ కప్పు బల్లమీద పెట్టి వెళ్లిపోయెను. ఆ తరువాతి ఆదివారము అతడు ఆరాధనకు రాలేదు. నేను గమనింపనైనను లేదు.

జనవరిలో ఒక రాత్రి మంచి నీళ్లకొరకు లేచితిని. మనుమని గదిలోనుండి నవ్వులు వినబడెను. తలుపు బయట నిలిచి, వంటింటిలోనున్న మా అమ్మాయిని, “లోపల ఏమిటమ్మా ఆ సందడి?” అని అడిగితిని. ఆమె నా వైపు తిరుగకయే, “మీరే వెళ్లి చూడండి నాన్నా. మూడు నెలల నుంచి బయటనుంచే అడుగుతున్నారు” అనెను.

ఆ మాట నా గుండెలో గ్రుచ్చుకొనెను. ఇంటిలో సందడి, బయట ముసలివాడు, పనివానిని అడుగుట! నేను ముప్పది ఏండ్లు చెప్పిన పాఠము నా యెదుట నిలిచెను. తలుపు తట్టి లోపలికి పోయితిని.

వాడు భయపడి లేవబోయెను. “ఆడుకోరా. నాకు కాస్త చెప్పు” అని ప్రక్కన కూర్చుంటిని. వాని ముఖము వికసించుట చూడవలసినదే. “తాతయ్యా, హాకీలాగే ఇక్కడా ఆరుగురు. కొట్టేవాళ్లు ఉంటారు, డాలు పట్టి ముందు నిలబడేవాళ్లు ఉంటారు, గాయాలు మాన్పేవాళ్లు ఉంటారు. ఒక్కడు ఎంత బాగా ఆడినా గెలవలేడు” అనెను. నీవెవరవని అడిగితిని. రెక్కలుగల ఒక స్త్రీ బొమ్మను చూపెను. ఆమె కఱ్ఱ చాపినప్పుడు తోటివాని గాయము మానును. ఆమె పేరు మెర్సీ, అనగా కనికరము. ఆ దినములలో గొప్ప జట్లు డాలు పట్టువారిని ముగ్గురిని, మాన్పువారిని ముగ్గురిని పెట్టి, కొట్టుటయే పనిగా గలవారిని మానివేయుచుండెననియు, టైటన్స్ అందులో ఆరితేరినదనియు చెప్పెను. అవయవములు అనేకములైనను శరీరమొక్కటే అను అపొస్తలుని బోధ నాకు జ్ఞాపకమువచ్చెను.

అప్పుడు నేను, “ఇందాక ఎవరితో నవ్వినావు?” అంటిని. వాడు ఒక క్షణము ఊరకుండి ఇట్లనెను: “ఆ రోజు టీ దగ్గర నా పక్కన నిలబడ్డవాడితో తాతయ్యా. వాళ్ల అమ్మ పోయినప్పటినుంచి వాడు ఎవ్వరితోనూ మాట్లాడడు. ఇక్కడ మాత్రమే నాతో మాట్లాడతాడు. ఈ మధ్య నవ్వుతున్నాడు. మీరు పనిలేనివారి పని అన్నాక గుడికి రానంటున్నాడు.”

నాకు మాట రాలేదు. పనిలేనివారి పని అని నేను ఎగతాళి చేసినదానిలో ఒక బాలుడు మరియొక బాలుని దుఃఖమును ప్రతి రాత్రి మోయుచుండెను. సంఘమునకు పెద్దనైన నేనో, ఆ దుఃఖితుని ఆరాధననుండి తరిమివేసితిని. మరునాడు మనుమనితో కూడ ఆ బాలుని ఇంటికి పోయి, క్షమించుమని అడిగితిని. వాడు తల వంచుకొని, “పరవాలేదు తాతగారూ” అనెను. ఎంత సిగ్గు! ఎంత కృప!

అప్పటినుండి హాకీ అభిమానుల మాటలను మరల తలపోసితిని. పరదేశుల జట్టు మనదెట్లగును అందురు. స్వీడన్ నుండి వచ్చిన కవలలను తమ కన్నబిడ్డలవలె ప్రేమించినవారు వీరే గదా! ఇది కొత్తది అందురు. అక్కడి గ్రంథాలయములో ఒక పుస్తకము చదివితిని. ఇంటికప్పు క్రింద మంచుమీద మొదటి హాకీ పోటీ 1875 మార్చి 3న మాంట్రియల్‌లో జరిగినది. ఆట ముగిసిన తరువాత అక్కడ కొట్లాట జరిగి, స్త్రీలు బెదరి పారిపోయిరని అప్పటి పత్రిక వ్రాసినది. నేటి పెద్దల గౌరవమైన ఆటయు ఒకనాడు అల్లరి పిల్లల ఆటయే.

అయినను వారి మాటలలో నిజము లేకపోలేదు. అది కాల్చు ఆటయే. గంటలకొలది కూర్చుండుట కన్నులకును నడుమునకును కీడు. నేను మనుమనితో ఒడంబడిక చేసికొంటిని. పరీక్షల దినములలో ఆడకూడదు. కుటుంబ ప్రార్థన వేళకు తలుపు తెరువవలెను. వాడు ఒప్పుకొనెను. లోపలికి వచ్చి కూర్చున్నవాని మాట వారు విందురు. బయటనుండి అరచువాని మాట వినరు.

2019 మార్చి 24 ఆదివారము ఆరాధన తరువాత టైటన్స్ జట్టు మొదటి విడత తుదిపోటీ ఆడెను. మా అమ్మాయి ఇంటికి ఆ స్నేహితుడు వచ్చెను. పొరుగింటి పెద్దాయనను నేనే పిలిచితిని. ఆయన కనక్స్ చొక్కాతో వచ్చి, చేతులు కట్టుకొని కూర్చుండి, కొంతసేపటికి, “వీళ్లలో గోలు కాసేవాడెవడు?” అని అడిగెను. పిల్లలిద్దరు పోటీపడి చెప్పసాగిరి. టైటన్స్ నాలుగింటికి మూడుగా శాన్ ఫ్రాన్సిస్కో జట్టును గెలిచినప్పుడు అందరికంటె ముందుగా లేచి నిలిచినది ఆ పెద్దాయనయే.

ఏప్రిలులో మా పల్లెకు తిరిగి వచ్చితిని. ఇక్కడ నేను ఒప్పుకొనవలసిన సంగతి మరియొకటి కలదు. కొన్ని ఏండ్ల క్రిందట మా యౌవనస్థులు సాయంకాలము గుడి ఆవరణలో వాలీబాల్ వల కట్టుకొందుమని అడిగిరి. దేవుని ఆవరణలో బంతాటలేమిటని అడ్డుకొన్నవాడను నేనే. వారు చెరువుగట్టున కల్లుపాక ప్రక్క వల కట్టుకొనిరి. కొందరు ఆ ప్రక్కనే నిలిచిపోయిరి. నేను సంఘపు పెద్దల యెదుట నా తప్పు ఒప్పుకొని, నా పింఛను డబ్బుతో వల కొని గుడి ఆవరణలో కట్టించితిని. ముగ్గురు మరల ఆరాధనకు వచ్చుచున్నారు. ఒకడు ఇంకను రాలేదు. వానికొరకు ప్రార్థించుచున్నాను, వాని ఇంటికి పోవుచున్నాను.

2019 సెప్టెంబరు 29న ఫిలడెల్ఫియా పట్టణములో సంవత్సరపు తుదిపోటీ జరిగెను. టైటన్స్ అదే శాన్ ఫ్రాన్సిస్కో జట్టు చేతిలో సున్నకు నాలుగుగా ఓడిపోయెను. మనుమడు ఫోనులో ఏడ్చెను. తరువాత ఇట్లు చెప్పెను: “పక్కింటి తాత వచ్చి నా దగ్గర కూర్చున్నాడు తాతయ్యా. ‘తుదిపోటీలో ఓడిపోవటం మాకు మూడుసార్లు అలవాటు, నీ బాధ నాకు తెలుసు’ అన్నాడు.” ఫిలదెల్ఫియ అనగా సహోదర ప్రేమ అని మనకు తెలియును. ఒకప్పుడు ఎగతాళి చేసినవాడే ఇప్పుడు ఓదార్చుచుండెను.

2020 మే నెలలో ఆ జట్టు తన ఆటగాళ్లందరితోను తెగతెంపులు చేసికొనెను. 2023తో ఆ లీగే ముగిసెను. వాడిపోవు కిరీటములు అట్టివే. మంచుమీదివైనను, తెరమీదివైనను అంతే. కాని ఆ బాలుని యొద్ద ఇద్దరు ముసలివారు కూర్చుండిన ఆ దినములు నిలిచియున్నవి.

ప్రియులారా, మీ ఇంటిలోను ఒక మూసిన తలుపు ఉండవచ్చును. లోపలి సందడి మీకు నచ్చకపోవచ్చును. అలిగిన పెద్ద కుమారునికొరకు ఆ తండ్రి వెలుపలికి వచ్చి బ్రతిమాలెనని మరువకుడి. ఆయన నేడును మన చేయి పట్టుకొని లోపలికి పిలుచుచున్నాడు. తలుపు తట్టుడి, ప్రక్కన కూర్చుండుడి, పిమ్మట మాటలాడుడి. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.