రణమండల కోతి, రోడ్డు మీద తాబేలు

ఆదోనిలో రైలు దిగి, ఉగ్గాణి బజ్జీ తిని రణమండల కొండ దారి పట్టాను. సంచిలో అరటిపండ్లు లేవు, బైనాక్యులర్ ఉంది. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాక పట్టుకున్న పిచ్చి ఇది. ఏ ఊరెళ్లినా కోతుల తోకలు చూస్తాను.

తోకలోనే ఉంది కిటుకంతా. మన దక్షిణాది కోతికి తోక ఒంటికన్నా పొడుగు, నెత్తిన పాపిట తీసి టోపీ పెట్టినట్టు జుట్టు. ఉత్తరాది ఎర్రకోతి తోక పొట్టి. తూర్పున గోదావరి, పడమట తపతి ఈ రెంటికీ హద్దులని పాత పుస్తకాల మాట. ఎర్రకోతి ఆ హద్దు దాటి మనదాని చోట్లోకి దిగుతోందని బెంగళూరు పరిశోధకులు 2011లో రాశారు. ఒక ఊళ్లో పట్టిన కోతుల్ని లారీకెత్తి ఇంకో ఊరి పొలిమేరలో వదిలే మన తెలివితేటలకూ అందులో వాటా ఉంది.

మెట్ల మీద గుంపు కనబడింది. అన్నీ పొడుగు తోకలే! ఒక తల్లి పిల్లను ఒళ్లో పడేసుకుని, ఒక్కో వెంట్రుకా విడదీసి పేలు చూస్తోంది.

"ఏం సార్, అంతసేపు చూస్తాండావు? వాటికి రేషన్ కార్డేమన్నా రాసిస్తావా?" అంది కొబ్బరికాయలమ్మే అవ్వ.

"తోకలు చూస్తాండానవ్వా" అంటే నవ్వింది.

కోతుల వెంట దశాబ్దాలు తిరిగిన మేవా సింగ్ గారు మైసూరు విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. గంటసేపు అక్కడ కూచుంటే అందులో వింతేమీ తోచదు. ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి ఎదిగి వేరే గుంపు చేరతాయి. అన్నీ ఇల్లరికాలే.

మధ్యాహ్నం ఎమ్మిగనూరు ఆటో ఎక్కాను. ముందురోజు వాన పడింది. పత్తిచేల మధ్య డ్రైవరు చటుక్కున బ్రేకేశాడు. రోడ్డు మీద నక్షత్ర తాబేలు! నల్లటి డిప్ప, ఒక్కో బొడిపె నుంచి పసుపు గీతలు. తల లోపలికి లాక్కుంది.

"ఇంట్లో పెట్టుకుంటే లక్ష్మి వస్తాదంట సార్."

"పోలీసులొస్తారప్పా." 1972 నాటి వన్యప్రాణి చట్టం సంగతి చెప్పాను. 2019 నుంచి దేశాల మధ్య దీని వ్యాపారమూ నిషిద్ధమే. అయినా ఈ అదృష్టం పిచ్చి ఆగదు.

"అయితే కాలవలో ఇడుస్తాం."

అక్కడ ఉలిక్కిపడ్డాను. ఇది మెట్ట తాబేలు, ఈత రాదు. పుణ్యమనుకుని నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది. రెండు చేతులా ఎత్తి, అది పోతున్న వైపే గట్టు పొదలో దించాం.

మీకు కనబడినా అంతే చేయండి. ఇంటికొద్దు, బావిలో అసలే వద్దు.