నలభై ఏడు నిముషాలు

2025 మే నెలలో ఒక శనివారం సాయంత్రం ఆత్రేయపురం నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్ చిన్నా, కెమెరాలో మధ్యాహ్నం జరిగింది ఇప్పుడు ఎలా చూడాల్రా?" అన్నాడు. గొంతులో కంగారు తెలుస్తోంది.

బాబాయిది పూతరేకుల కొట్టు. శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే జనం తిరుగుదారిలో మా ఊళ్ళో ఆగి డబ్బాలు కొనుక్కుని వెళ్తారు. ఆ రోజుల్లో కొట్లో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ శనివారం పొద్దుటినుంచీ వచ్చిన నోట్లు లోపలి గదిలో లెక్కపెట్టి, పద్దెనిమిది వేలు ఒక గుడ్డసంచీలో వేసి, కౌంటర్ కింద అరలో పెట్టి, ఒంటిగంటకి భోజనానికి ఇంటికెళ్ళాడు. రెండింటికి వచ్చి చూస్తే సంచీ లేదు.

నేను హైదరాబాద్‌లో కూర్చుని నా ఫోన్లోనే రికార్డింగ్ తెరిచాను. బాబాయి అక్కడ టీవీలో చూస్తున్నాడు. ఒంటిగంట నుంచి మొదలుపెట్టాం. 1:20కి కొట్లో రేకులు చుట్టే ఆవిడ కౌంటర్ వెనక్కి వచ్చి, వంగి, అరలోంచి ఏదో తీసుకుని లోపలికి వెళ్ళింది. వీపు మాత్రమే కనబడుతోంది.

"చూశావా?" అన్నాడు బాబాయి. చూశాను. ఇంక ముందుకి చూడాలని ఇద్దరికీ తోచలేదు.

ఆవిడ ఏడేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. నేనూ అక్కా అనే పిలుస్తాను. బాబాయి నలుగురి ముందే అడిగేశాడు. "అట్టపెట్టెలు తీసుకున్నానండీ, ఇంకేం ముట్టుకోలేదండీ" అని ఏడ్చుకుంటూ వెళ్ళిపోయిందట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఆఫీసులో ఎవరైనా లాగ్‌లో ఒక్క లైను చూపించి "ఇదే కారణం" అంటే ఊరుకుంటామా? దానికి ముందూ వెనకా ఏముందో చూడమంటాం. మరి ఇక్కడ కావలసింది కనబడగానే చూడడం ఆపేశాం. లేచి మళ్ళీ తెరిచాను. 1:32కి బాబాయి లోపలినుంచి వచ్చి సంచీ అరలో పెడుతున్నాడు! 1:47కి చెప్పులు వేసుకుని బయటికి వెళ్తున్నాడు. ఒంటిగంటకి వెళ్ళానన్న మనిషి ముప్పావు గంట తరవాత వెళ్ళడమేమిటి?

వీడియోలో ఒకాయన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బులు కట్టడం 1:15కి కనబడింది. పొద్దున్నే బాబాయిని లేపి యూపీఐ లెక్కలు తీయమన్నాను. ఆ చెల్లింపు జరిగింది 12:28కి. ఇంకో మూడు సరిచూశాం. అన్నిటికీ అదే తేడా, 47 నిముషాలు. అంటే రికార్డర్ గడియారం 47 నిముషాలు ముందు నడుస్తోంది. తెరమీద 1:20 అన్నది నిజానికి 12:33. బాబాయి సంచీ పెట్టింది 12:45కి. అక్క వంగినప్పుడు ఆ అరలో సంచీయే లేదు.

ఇంతకీ ఆ కెమెరాలు పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చిన 2023లోనే, ఊరికెళ్ళినప్పుడు నాలుగు కెమెరాలూ ఒక రికార్డరూ కొని బిగించాను. టైము చేత్తో పెట్టేశాను. ఇంటర్నెట్ నుంచి టైము తీసుకునే ఎన్‌టీపీ ఆప్షన్ మెనూలో ఉంది, ఆన్ చెయ్యలేదు. చవక క్రిస్టల్ రోజుకి నాలుగు సెకన్లు తేడా నడిచినా రెండేళ్ళకి దాదాపు ముప్పావు గంట అవుతుంది. ఆఫీసులో రెండు సర్వర్ల మధ్య రెండు సెకన్ల తేడా వస్తే టికెట్ పెట్టే నేను, మా బాబాయి కొట్లో ఒక మనిషి పరువుని ఆ గడియారానికి వదిలేశాను.

దొంగ దొరికాడా అంటారా? కనబడ్డాడు, కానీ దొరకలేదు. తెరమీద 2:21కి, అంటే అసలు టైము 1:34కి, కౌంటర్‌లో కుర్రాడు డబ్బా కోసం లోపలికి వెళ్ళినప్పుడు ఒకడు పక్కనుంచి చెయ్యి పెట్టి సంచీ లాక్కుపోయాడు. కెమెరా సీలింగ్‌కి దగ్గరగా ఉంది, వాడి వెనక రోడ్డుమీద మే నెల ఎండ. మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. అక్కడ పెట్టిందీ నేనే. "కొట్టంతా కవర్ అయిపోతుంది" అని గొప్పగా చెప్పాను కూడా. పోలీసులకి కాపీ ఇచ్చాం. దాంతో ఎవరూ దొరకలేదు.

అప్పటినుంచీ ఈ కెమెరాల గురించి కాస్త చదివాను. వాటివల్ల దొంగతనాలు తగ్గుతాయా అన్న ప్రశ్నమీద నలభై ఏళ్ళ పరిశోధనలన్నీ కలిపి 2019లో కొందరు క్రిమినాలజిస్టులు ఒక సమీక్ష ప్రచురించారు. కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయన్నారు. ఎక్కువ ఫలితం కనబడింది కారు పార్కింగుల్లో. హింసాత్మక నేరాలమీద పెద్దగా ప్రభావం లేదు. కెమెరాని ఎవరో ఒకరు చూస్తూ ఉండి, దానికి తోడు మంచి వెలుతురు, కాపలా లాంటివి ఉంటే ఫలితం మెరుగు. అంటే "మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు" అన్న స్టిక్కర్ కొంత పనిచేస్తుంది కానీ, మనం ఊహించుకునేంత కాదు. మా దొంగ సరిగ్గా ఆ స్టిక్కర్ కిందే నిలబడ్డాడు.

మా కోనసీమలోనే దీనికి రెండు వైపులా ఉదాహరణలున్నాయి. 2020 సెప్టెంబరు 6 తెల్లవారుజామున అంతర్వేది నరసింహస్వామి రథం కాలిపోయింది. గుడి దగ్గర కెమెరాలు ఉన్నాయి, కానీ పనిచెయ్యడం లేదని తేలింది. అందరి కడుపూ మండింది, ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. చివరికి రాష్ట్రప్రభుత్వం కేసుని సీబీఐకి అప్పగించాలని కోరవలసి వచ్చింది. అదే 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగినప్పుడు పోలీసులు సీసీ కెమెరాల దృశ్యాలూ, ఫోన్ వీడియోలూ చూసి చాలామందిని గుర్తించారు. పనిచెయ్యని కెమెరా ఉంటే అసలు లేనిదానికన్నా నష్టం. ఉందన్న ధీమాతో మిగతా జాగ్రత్తలు మానేస్తాం.

సాక్ష్యం సంగతికొస్తే, నాకు బాగా గుర్తుండిపోయింది వారణాసి కేసు. 2010లో అక్కడ ఒక హోటల్లో ఇటలీ పర్యాటకుడు చనిపోతే, అతనితో వచ్చిన ఇద్దరికి హత్యానేరం కింద యావజ్జీవం పడింది. హోటల్లో కెమెరాలున్నాయి, కానీ ఆ దృశ్యాలు కోర్టు ముందుకు రాలేదు. ఉన్న మంచి సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ చూపించకపోతే దాన్ని వాళ్ళకి వ్యతిరేకంగానే అర్థం చేసుకోవాల్సి ఉంటుందని చెప్పి, 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దర్నీ విడుదల చేసింది. అప్పటికి దాదాపు ఐదేళ్ళు జైల్లో గడిచిపోయాయి. కెమెరా అంటే మనం దొంగని పట్టుకునేదనే అనుకుంటాం. చెయ్యనివాణ్ణి బయటపడెయ్యడం కూడా దాని పనే.

చట్టం కూడా మన భాషలోకి వచ్చేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం రికార్డింగ్ కాపీ కోర్టుకి ఇస్తే సర్టిఫికెట్ జతచెయ్యాలి. అందులో ఫైలు హాష్ విలువ, ఏ అల్గారిథమ్‌తో తీశారో రాయాలి. షా256 అంటే ఏమిటో ఊళ్ళో కొట్టు యజమానికి తెలియదు, మనకి తెలుసు. టీవీ తెరని ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపేసి, అసలు ఫైలు చెరిగిపోయాక పరిగెత్తే బదులు, ముందు అసలు ఫైలు ఎగుమతి చేసి దాచమని చెప్పగలిగేది మనమే.

చెరిగిపోవడం అంటే గుర్తొచ్చింది. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ రాస్తుందనుకుంటే రోజుకి 21.6 జీబీ. నాలుగు కెమెరాలకి 86 జీబీ పైనే. ఒక టీబీ డిస్క్ పదకొండు రోజుల్లో నిండి, పాతదానిమీద కొత్తది రాసేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజాభద్రత చట్టం, జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల రికార్డింగ్ ఉంచాలంది. ఆ లెక్కన మా కొట్టుకి మూడు టీబీ కావాలి. నేను కొన్నది ఒకటి. దొంగతనం సంగతి పన్నెండో రోజున తెలిసుంటే, అక్క నిర్దోషి అని చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు.

జూన్‌లో ఊరెళ్ళి అన్నీ సరిచేశాను. ఎన్‌టీపీ ఆన్ చేశాను. ఒక కెమెరాని సీలింగ్ మీదనుంచి దించి, వెలుతురు వెనకనుంచి కాకుండా మొహం మీద పడేలా కౌంటర్ ఎత్తులో పెట్టాను. డిస్క్ మార్చాను. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ కూడా అప్పటిదాకా అలాగే ఉంది! 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాల్లోకీ రికార్డర్లలోకీ దూరింది అలాంటి పాస్‌వర్డ్‌ల వల్లే. ఇవన్నీ కలిపి ఒక్క పూట పని. ఆ పూట 2023లో నాకు దొరకలేదు.

తరవాత అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి అప్పటికే వెళ్ళి తప్పయిపోయిందని చెప్పి, పనిలోకి రమ్మన్నాడు. రానందిట. నేను గడియారం సంగతి వివరంగా చెప్పబోయాను. తప్పు మిషన్‌ది కాదు నాది అని చెబుదామని నా ఉద్దేశం. ఆవిడ కాసేపు విని, "మీరు చదూకున్నోరు బాబూ, కనిపెట్టారు. కెమెరా చెప్పిందని నమ్మారు. మరి నేను ముందే చెప్పాను కదండీ?" అంది.

ఏం చెప్పాలో తెలియలేదు. కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. ఇప్పుడు వేరేచోట రేకులు చుడుతోంది.

బాబాయి మాత్రం ఒకటో తారీఖు రాగానే తన చేతి గడియారం కెమెరా ముందు పెట్టి, తెరమీద టైముతో కలుస్తోందో లేదో చూసి నాకు ఫోన్ చేస్తాడు. "కలిసిందిరా" అంటాడు. అంతకుమించి ఆ విషయం మేం మాట్లాడుకోం.

మీ ఊళ్ళో కూడా మీవాళ్ళకి మీరు బిగించిన పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు దాని టైము ఎంతయిందో ఒక్కసారి చూడండి.