తూకమునకు పోవలసిన చిత్రిక

ఆడుది బజారునకు పోయి చీర కొన్నదన్న వింత లేదు, గిన్నె కొన్నదన్న వింత లేదు. గడచిన ఫాల్గుణమాసమున నేనొక వడ్రంగి చిత్రికను కొంటిని. ఆ సంగతి విని మా వీథివారు నవ్విరి. వారి నవ్వునకు నాకు కష్టము లేదు. అయితే ఆ కొనుగోలులో నేను చేసిన తప్పొకటి కలదు. దానిని దాచక చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు. నవనాథ సిద్ధుల గుట్ట మా ఊరికి గుర్తు. చుట్టుప్రక్కల పల్లెలకు పసుపే ప్రాణము. తొలకరిలో నాటిన పసుపును సంక్రాంతి మొదలు త్రవ్వి, కొమ్ములను మండలను వేఱుచేసి, ఉడుకబెట్టి, పదిపదునైదు దినములు ఎండబోసి, పీపాలలో త్రిప్పి మెఱుగుపెట్టి బస్తాల కెత్తుదురు. ఎనిమిది తొమ్మిది నెలల కష్టము ఒక్క పూటలో పలికిన ధరతో తేలిపోవును. మా పుట్టినిల్లును, అత్తిల్లును గూడ పసుపు పండించు ఇండ్లే.

నాకు పదియేండ్ల వయసున మా నాయన క్రొత్త వాకిలి యెత్తించెను. టేకు దూలములు కోయించి తెచ్చి, వడ్లాయన మా వసారాలోనే నెలదినములు పనిచేసెను. గడపకు పసుపు పూయుట మా యమ్మకెంత ముచ్చటయో, ఆ గడప తయారగుట చూచుట నాకంత ముచ్చట. ఆయన చిత్రిక పట్టుచుండగా ఉంగరములు ఉంగరములుగా రాలెడి పొట్టును ఒడిలో పోసికొని కూర్చుండెడిదానను. "ఆడపిల్లకు ఉలి యెందుకే?" అని మా యమ్మ గసరెడిది. ఆ మాట నలువది యేండ్లు నన్ను ఆపినది.

పిల్లలు ఉద్యోగములకు పోయి ఇల్లు నిశ్శబ్దమైన పిదప, మధ్యాహ్నములు గడువక, ఒక రంపమును రెండు ఉలులను కొంటిని. మొదట పీట చేసితిని. అది ఒక ప్రక్కకు ఒఱగెను. "దీనిమీద కూర్చున్నవాడు వినయము నేర్చుకొనును" అని మా వారు హాస్యమాడిరి. రెండవ పీట నిలిచెను. తరువాత పోపుదినుసులకు జరుపుడుమూత గల పెట్టె యొకటి చేయవలెనని బుద్ధి పుట్టెను. మూత జరుగవలెనన్న పలకల లోవైపున తిన్నని గాడి కావలెను. ఉలితో గాడి తీసిన అది పాము ప్రాకినట్లు వచ్చెను. మూడు పలకలు పొయ్యిలోనికి పోయినవి. గాడి తీయుటకు వేఱే చిత్రిక కలదని అప్పుడు తెలిసికొంటిని.

పూర్వము వడ్రంగులు గాడికొకటి, మెట్టునకొకటి, అంచున పూసకొకటి చొప్పున పలు కొయ్య చిత్రికలను ఉంచుకొనెడివారు. ఈ పనులన్నింటిని ఒక్క పనిముట్టుతో చేయవచ్చునని తలచి, అమెరికా దేశమున స్టాన్లీ కంపెనీవారికి పనిచేసిన జస్టస్ ట్రాట్ అనునాతడు ఇనుముతో ఒక చిత్రికను కల్పించి 1884లో హక్కుపత్రము పొందెను. దానికి 45వ నంబరని పేరు. 1962 దాక దానిని తయారుచేసిరి. ఇంగ్లండులోని షెఫీల్డునందు రికార్డు అను పేరుగల కంపెనీవారు ఇట్టిదే 405వ నంబరుగా చేసిరి. దీనికి మామూలు చిత్రికవలె వెడల్పైన అడుగుభాగము ఉండదు. రెండు సన్నని ఇనుప పట్టెలు మాత్రముండును. వానిలో నొకటి కడ్డీల మీద జరుగును. ఆ పట్టెల నడుమ ఉలి నిలుచును. ప్రక్కనున్న అడ్డుపట్టె చెక్క యంచును తాకుచు దారి తప్పకుండ నడపించును. ఎంత లోతునకు దిగవలెనో చెప్పు మర యొకటి వేఱుగా కలదు. ఉలిని మార్చినచో పని మాఱును. ఇరువదికి పైగా ఉలులు దానితో వచ్చెడివి. సెల్‌ఫోనులో దాని బొమ్మలను చూచి చూచి, దాని ప్రతి మరయు నాకు కంఠస్థమైనది. కాని అది నా చేతికి వచ్చునని కలలోనైన ననుకొనలేదు.

ఒకనాటి ఉదయమున కూరగాయలకు పోవుచుండగా, వెనుకవీథిలో పాత ఇనుము కొనువాడు ఒక యింటిముందు కాంటా పట్టియుండెను. ఒక ముసలమ్మ, వడ్లవారి కోడలు, భర్త పోయి రెండేండ్లైనది, పాత పనిముట్లను గంపతో తెచ్చి గుమ్మరించుచుండెను. బాడిస, అరగిన ఆకురాళ్లు, పండ్లు పోయిన రంపము. వాని క్రింద నాకొక ఎఱ్ఱని కొయ్యపిడి కనబడెను. గుండె ఝల్లుమనెను. తీసి తుడిచి చూతును గదా, త్రుప్పుక్రింద 45 అను అంకె.

"గీ ఇనుముతోటి నీకేం పని బిడ్డా?" అని అవ్వ అడిగెను. ఇనుమువాడు కిలో ముప్పది రూపాయలు చెప్పుచుండెను. ఆ వస్తువు మూడు కిలోలకు మించదు. తొంబది రూపాయల మాట. అమెరికాలో అన్ని భాగములున్న దానిని వంద డాలర్లకు పైగా అమ్ముచున్నారని నాకు తెలియును. అవ్వకు తెలియదు. నేను గొంతు సవరించుకొని, "ఇన్నూరు ఇస్తాను అవ్వా" అంటిని.

"ఇన్నూరా? గంత ఇస్తవా? నీ కడుపు సల్లగుండ బిడ్డా!" అని ఆమె రెండు చేతులతో నా తల నిమిరెను.

ఇంటికి తెచ్చితిని. మా వారికి చూపితిని. పసిబిడ్డ నెత్తుకొన్నట్లు ఒడిలో పెట్టుకొంటిని. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాయన జ్ఞప్తికి వచ్చెను. ఒక యేడు ఆయన పసుపును బండికెత్తి అంగడికి తీసికొనిపోయి, చెప్పిన ధరకు ఇచ్చివచ్చెను. మహారాష్ట్రములోని సాంగ్లీ అంగడిలో ధర పెరిగినదని కొన్నవానికి తెలియును, అమ్మిన మా నాయనకు తెలియదు. వారము దినములకు సంగతి తెలిసి ఆయన అన్నము ముందు కూర్చుండి ముద్ద యెత్తలేదు. "వాడు అబద్ధమాడలేదు. ఊరకున్నాడు. అంతే" అనెను. ఈ ధరల కష్టము మా యొక్క యింటిది కాదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదున 185 మంది పోటీ చేయగా, వారిలో 170 మందికి పైగా రైతులే. పసుపునకొక బోర్డు కావలెనని, గిట్టుబాటు ధర కావలెనని వారు మొఱపెట్టుకొనిరి. ఆ బోర్డు నిజామాబాదు కేంద్రముగా 2025 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, ప్రారంభమైనది. ఆ రైతుల పక్షమున మా యింట ఎన్నిమాఱులు మాటలాడుకొంటిమో! అట్టి యింటి ఆడుదానను, ధర తెలిసియు ఊరకుంటిని. అవ్వ దీవెన నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను.

తెల్లవారి చిత్రికను సంచిలో వేసికొని వెళ్లితిని. ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. అవ్వ సంతోషించునని, నన్ను మెచ్చుకొనునని నా మనసులో ఎక్కడనో ఆశ యుండెను. ఆమె మెచ్చుకొనలేదు. కొంతసేపు నా ముఖము చూచి, "తెలిసే తీస్కపోయినవా?" అని అడిగెను.

"తెలిసే తీసికొనిపోయితిని, అవ్వా."

"అయితే ఆడ వెట్టు. దుబాయిల ఉన్న మా మనుమన్ని అడుగుత. మా ముసలాయన చెయ్యి వడ్డది గది."

అచట పెట్టి వచ్చితిని. మూడు దినములు నా బాధ చెప్పనలవి కాదు. నిజము చెప్పిన పిదప వస్తువు దక్కకపోవచ్చునన్న మాట, చెప్పునపుడు తోచదు. ఎందుకు పోయి చెప్పితినని ఒక పూట, మొదటనే ఎందుకు చెప్పలేదని ఇంకొక పూట, నన్ను నేనే తిట్టుకొంటిని. నాలుగవనాడు అవ్వ కబురంపెను. మనుమడు మరలతో పనిచేయువాడట, చేతి చిత్రిక తనకక్కఱలేదనెనట. "ఐదువేలు. తక్కువ కియ్య" అనెను. నేను బేరమాడలేదు. అంతకుముందిచ్చిన ఇన్నూరు మినహాయించి, పసుపు సొమ్ములో మా వారు నా పాలిచ్చిన దానినుండి చెల్లించితిని.

అప్పుడు అవ్వ లోనికి పోయి ఒక కొయ్యపెట్టె తెచ్చెను. అందులో పోకచెక్కలు, సూదులు, దారపుండలు. వానిని ప్రక్కకు తీయగా అడుగున వరుసగా ఉలులు! తూకమునాడు దానిని గంపలో వేయలేదట. ఎన్నగా పదునాఱు ఉన్నవి. నేను తొందరలో చూడనేలేదు గాని, మొదట తెచ్చుకొన్న చిత్రికలో ఒక్క ఉలియే కలదు. మిగిలినవి లేకున్న అది సగము పనిముట్టే.

ఇట్టి పాత వస్తువును కొనదలచిన సోదరీమణులకు నా అనుభవము చెప్పెదను. ముందు పోత యినుమున పగుళ్లున్నవేమో వెలుతురునకు పట్టి చూడవలెను. పగిలినది అతుకదు. జరుగు పట్టెయు, అడ్డుపట్టెయు, కడ్డీలును, లోతు మరయు ఉన్నవా యని యెంచవలెను. ఒక మర పోయిన దానివంటిది మన ఊళ్లలో దొరకదు. పైత్రుప్పునకు భయపడ నక్కఱలేదు. ఉలి మొనలో గుంటలు పడిన త్రుప్పు మాత్రము చెడ్డది. నేను ఇత్తడి బిందెలు తోమునట్లు చింతపండు గుజ్జుతో తోమి, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో నుంచి, కొబ్బరినూనె పూసితిని. నానబెట్టి మఱచిపోరాదు. పైనున్న మెఱుగుపూత పోవును.

పని నేర్చుటకు నెల పట్టెను. మామూలు చిత్రికను చెక్క యీ కొస నుండి ఆ కొసకు త్రోయుదుము. దీనిని ముందుగా ఆవలి కొసన కొద్దిగా నడిపి, క్రమక్రమముగా వెనుకకు వచ్చుచు గాడి తీయవలెను. పోగు తిన్నగా నున్న చెక్కయే దీనికి తగును. ఉలి ముందర చెక్కను అదిమిపట్టు అడుగుభాగము లేదు గనుక, అడ్డపోగున్న చోట చెక్క చీలిపోవును. టేకులో ఇసుకవంటి పదార్థముండుటచే ఉలి త్వరగా మొక్కవోవును. పది గాళ్లకొకసారి రాతిమీద నూఱవలసివచ్చుచున్నది.

పెట్టె పూర్తియైనది. మూత తిన్నగా జరుగుచున్నది. దానిని అవ్వకు చూపుటకు తీసికొనిపోయితిని. ఆమె మూతను నాలుగుసారులు తీసి వేసి, గాడిలో వ్రేలు పెట్టి పొడుగునా రాచి చూచెను. "ఈడ జర ఎగుడుంది" అనెను. నిజముగానే యున్నది. భర్త ప్రక్కన నలువదియేండ్లు గడిపిన వ్రేలది.

ఉలులలో మిక్కిలి వెడల్పైనది యొకటి కనబడలేదని నేనడుగగా, అవ్వ వంటింటిలోనికి చూపెను. అది పొయ్యి ప్రక్కన చూరునకు చెక్కియున్నది. రొట్టెల పెనము గోకుటకు ఆమె దానిని ఎన్నో యేండ్ల నుండి వాడుచున్నదట. "గది మాత్రం అడుగకు బిడ్డా" అనెను. నేనడుగలేదు.