చెర్వెల్ ఒడ్డున ఒక బాట

పిల్లలూ! ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో, మాడ్లిన్ కళాశాల వద్ద, చెర్వెల్ నది పక్కగా చెట్ల నీడన ఒక బాట ఉన్నది.

అక్కడి ఉపాధ్యాయుడు లూయిస్‌కు తొమ్మిదో ఏట తల్లి జబ్బుపడింది. ఎంత ప్రార్థించినా బతకలేదు. పెద్దవాడై, దేవుడున్నాడని ఒప్పుకున్నా, క్రీస్తు కథను మాత్రం నమ్మలేకపోయాడు.

1931 సెప్టెంబరు 19 రాత్రి మిత్రులు టోల్కీన్, డైసన్ ఆయనతో ఈ బాటన నడిచారు. సృష్టికర్త చేసిన మనిషి తానూ లోకాలు కల్పిస్తాడనీ, ఆ కల్పనల్లో సత్యం తొంగి చూస్తుందనీ టోల్కీన్ నచ్చజెప్పాడు. కొద్ది రోజులకే లూయిస్ క్రైస్తవుడైనాడు.

తరువాత ఆయన నార్నియా లోకాన్ని కల్పించాడు. 1955లో వచ్చిన పుస్తకంలో ఒక బాలుడి తల్లి మంచం పట్టింది. క్రీస్తును తలపించే సింహం అస్లాన్ వాడి దుఃఖం చూసి కంట నీరు పెట్టింది. చివరకు అది ఇచ్చిన ఆపిల్ పండు తిని తల్లి బతికింది.

ఆ పండు కల్పనే. ఆ కన్నీరు కూడా అబద్ధమేనా? మీరే చెప్పండి.