వాడేమన్నాడో నువ్వు చెప్పు

అరక్కోణం లోకల్ దిగేసరికి బడికింకా టైముంది. హృదయాలీశ్వరుడి గుడికి వెళ్లొచ్చాను. చేతిలో కాసు లేని పూసలార్ నాయనారు మనసులోనే గుడి కట్టుకున్న ఊరు తిరునిన్రవూరు. కంచిలో పల్లవరాజు రాతిగుడికీ ఈయన గుడికీ ముహూర్తం ఒకే రోజున పడిందట. శివుడు రాజు కలలోకొచ్చి, నీదే ఇంకో రోజుకి మార్చుకో అన్నాడు.

బడిలో పదిమంది పిల్లలు తోటివాళ్ల తగవుల్లో మధ్యవర్తులుగా ఉండటం నేర్చుకుంటున్నారు. "మొదటి రోజు అందరూ నాట్టామైలే సార్, కూర్చోగానే తీర్పు!" అని నవ్వింది టీచరమ్మ. వాళ్లది తిరుత్తణి పక్క, ఇంట్లో తెలుగే. తమిళ 'నాట్టామై' సినిమానే మనకు 'పెదరాయుడు' అయింది. ఇక్కడ తీర్పు చెప్పకూడదు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అడ్డురాకూడదు. తర్వాత, విన్నది తిరిగి చెప్పాలి.

ఆరోజు నాటకం: ఒకడు రెండోవాణ్ణి తెలుగువాడని 'గొల్టి' అంటూ వెక్కిరించాడు, రెండోవాడు వాడి టిఫిన్ డబ్బా దాచాడు. రెండోవాడు మాట్లాడాక, మధ్యవర్తిగా ఉన్న ఎనిమిదో తరగతి అమ్మాయి మొదటివాణ్ణి అడిగింది: "వాడేమన్నాడో ఇప్పుడు నువ్వు చెప్పు." వాడు నోరు తెరిచి ఆగిపోయాడు. తన జవాబు కూర్చుకునే పనిలో పడి, విననేలేదు. "ఇంకోసారి చెప్పమంటాను, విను." ఈసారి చెప్పాడు: "వాళ్లమ్మ గేటు దగ్గర తెలుగులో పిలిస్తే మేం నవ్వామంట. అమ్మని బడికి రావద్దన్నాడంట, అక్కా." నాటకమే. అయినా డబ్బా దాచినవాడు తలెత్తలేదు.

ఇలాంటి పద్ధతిని శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో 1982లోనే మొదలుపెట్టారు. పెద్దల తగవులకు మద్రాసు హైకోర్టులో 2005లో మధ్యవర్తిత్వ కేంద్రం వచ్చింది. కానీ బడిలో తగవులన్నీ పిల్లల ముందు పెట్టేవి కావు. గాయాలైన కొట్లాట, ఆడపిల్లల్ని వేధించడం, కులం పేరుతో తిట్టడం నేరుగా హెడ్మాస్టరుకే. 2023లో నాంగునేరిలో తోటి విద్యార్థులే ఇంటికొచ్చి దళిత విద్యార్థిని నరికారు. ఆ తర్వాత వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో, కులాన్ని చాటే చేతిపట్టీలు బడిలో కూడదంది. అలాంటిచోట రాజీ అడగడమంటే దెబ్బతిన్నవాణ్ణి మళ్లీ వంగమనడమే.

నాకొక్కటే నచ్చలేదు. పదిమందీ మంచి మార్కుల పిల్లలే. తగవు ఎలా మొదలవుతుందో బాగా తెలిసినవాళ్లు వెనక బెంచీలో ఉంటారు కదా అన్నాను. "ఇద్దర్ని చేర్చాలి సార్" అంది టీచరమ్మ. ఆ మాట పుస్తకంలో రాసుకుంది కూడా.

ఆ నాటకంలో ఒప్పందం రెండు వాక్యాలు: గొల్టి అనను, డబ్బా దాచను. కింద మళ్లీ కలిసే రోజు, శుక్రవారం.

"శుక్రవారం మాకు కబడ్డీ ఉంది, అక్కా."

ఆ అమ్మాయి కొట్టేసి సోమవారం అని రాసింది.