మర్రి నీడలో మొదలై... అనంతగిరి దాకా

అక్టోబర్ వచ్చిందంటే చాలు, ఇన్‌స్టా నిండా ఎర్రటి ఆకులే. విదేశాల్లో ఉన్న ఫ్రెండ్స్‌లో ఒకరు కొండల మధ్య కారు డ్రైవ్ రీల్ పెడతారు, ఇంకొకరు వేడిగాలి బెలూన్ ఎక్కిన ఫొటో పెడతారు. మన దగ్గర శరదృతువులో అలా ఆకులు రాలవు. అలాగని రంగులకు కొదవేం లేదు. తంగేడు పసుపుపచ్చగా, గునుగు తెల్లగా విరగబూసి బతుకమ్మలో చేరేది ఈ రోజుల్లోనే. దసరా నుంచి దీపావళి దాకా బంతి తోటల సంగతి చెప్పక్కర్లేదు.

కొండ, డ్రైవ్, బెలూన్... మూడూ ఉన్న దారి హైదరాబాద్ పక్కనే ఉంది. అప్పా జంక్షన్ దగ్గర బీజాపూర్ రోడ్డు ఎక్కి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ అనంతగిరికి వెళ్లడమే. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు. ఒక రాత్రి ఉండగలిగితే మరీ మంచిది. కాకపోతే ఈ దారి ఎప్పటికీ ఇలాగే ఉండదు. అందుకే చూసేముందు దాని కథ కాస్త తెలియాలి.

నీళ్లకు ఎదురెళ్లే ప్రయాణం

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి గండిపేటకు చేరుతుంది. మనం నది పుట్టిన వైపు వెళ్తున్నామన్నమాట. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాక, మళ్లీ అలాంటి గతి పట్టకూడదని కట్టినవే గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఈ రెండు చెరువులకు నీళ్లొచ్చే ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. 84 ఊళ్లలో పెద్ద కట్టడాలకు, పరిశ్రమలకు అడ్డుకట్ట పడింది. నగరం ఇటు ఇంత దగ్గరికొచ్చినా మొయినాబాద్ దాటగానే పొలాలు కనిపిస్తున్నాయంటే దాని పుణ్యం కొంత ఉంది. ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు మాత్రం ఆగలేదు. ఆ జీవో ఉండాలా వద్దా అన్న వాదనా ఆగలేదు.

మధ్యలో పక్కకు తిరిగితే చిలుకూరు. ‘వీసా బాలాజీ’ అనగానే మీకు తెలిసిపోతుంది. మొక్కుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. హుండీ లేని గుడి ఇది. పక్కనే మృగవని జాతీయ పార్కు. జింకల్ని చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి.

చూసేవాళ్లకు అందం, రోజూ తిరిగేవాళ్లకు భయం

మొయినాబాద్ నుంచి చేవెళ్ల వైపు సాగుతుంటే రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు మొదలవుతాయి. నిజాం జమానాలో నాటినవని చెబుతారు. కొమ్మలు రోడ్డు మీదికి వంగి ఒకదాన్నొకటి అందుకుని గొడుగు పట్టినట్టుంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా ఆ నీడలో కారు అద్దం దించితే ఏసీ అక్కర్లేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో ఇలాంటివి తొమ్మిది వందలకు పైనే ఉండేవి.

ఇదే రోడ్డును నాలుగు వరుసలు చేయాలని తలపెట్టినప్పుడు చెట్లకు ముప్పొచ్చింది. 2019లో ప్రకృతి ప్రేమికులు ‘చేవెళ్ల మర్రిచెట్లను కాపాడండి’ అంటూ కదిలారు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇటు చేవెళ్ల, వికారాబాద్, తాండూరు జనం రోడ్డు వెడల్పు చేయమని ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. వాళ్లేమీ చెట్లకు శత్రువులు కారు. ఇరుకు రోడ్డు మీద ఎదురొచ్చే కంకర లారీల మధ్య రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగేది వాళ్లే.

2025 నవంబర్ 3, సోమవారం. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకరంతా బస్సులోకి కూలి 19 మంది చనిపోయారు. వాళ్లలో సెలవుకు ఇంటికొచ్చి తిరిగి నగరానికి బయల్దేరిన కాలేజీ పిల్లలూ ఉన్నారు.

వీలైనన్ని చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనివాటిని వేళ్లతో సహా తీసి వేరేచోట నాటి, రోడ్డు వెడల్పు చేయాలన్నది చివరికి కుదిరిన మాట. ఆ మాట ఎంతవరకు నిలిచిందో ముందు ముందు ఈ దారిన వెళ్లేవాళ్లందరికీ కనిపిస్తూనే ఉంటుంది. నీడా కావాలి, ప్రాణాలూ కావాలి. ఒకటి కాదనుకుంటేనే ఇంకోటి దొరుకుతుందనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి.

మీ వంతుగా చేయాల్సింది చిన్నదే. రోడ్డు మీద కారు ఆపి సెల్ఫీలు దిగొద్దు. ఊళ్లోకి తిరిగే పక్క రోడ్డులో బండి పెట్టి, నడిచొచ్చి చెట్టు చూడండి. రోడ్డు పక్కన బంతిపూలో టమాటాలో అమ్ముతుంటే కొనండి. నగరానికి కూరగాయలు, పూలు పంపే ఊళ్లివి.

మరి బెలూన్?

సరదాగా ఎక్కే వేడిగాలి బెలూన్లు మనకూ కొత్త కాదు. 2017 నవంబర్‌లో అరకులో పెద్ద పండగే చేశారు. చేవెళ్ల, వికారాబాద్ వైపు ఆకాశంలో కనిపించేవి మాత్రం వేరే జాతి. హైదరాబాద్‌లో 1969 నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. పల్చటి ప్లాస్టిక్ బెలూన్లలో హైడ్రోజన్ నింపి, పరికరాలు కట్టి 30 కిలోమీటర్లు, ఒక్కోసారి అంతకంటే పైకి పంపుతారు. మనం ఎక్కే విమానం వెళ్లేది పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులోనే. పని అయ్యాక పరికరాలు రంగుల పారాచూట్‌తో ఏ చేలోనో దిగుతాయి.

2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో ఇలాగే గదంత పెద్ద డబ్బా ఒకటి దిగితే జనం తండోపతండాలుగా వెళ్లారు. గ్రహాంతరవాసులని కూడా అనుకున్నారు. తీరా చూస్తే, మనుషుల్ని బెలూన్‌లో అంత పైకి తీసుకెళ్లాలనుకుంటున్న ఒక స్పెయిన్ కంపెనీ పరీక్ష అది. మీకూ అలాంటిదేమైనా కనిపిస్తే ముట్టుకోకండి. కొన్నింటిలో హైవోల్టేజ్ ఉండొచ్చు. పైగా ఒక్క తీగ తెంపినా శాస్త్రవేత్తల నెలల కష్టం పోతుంది. దాని మీద రాసి ఉన్న నంబర్‌కో పోలీసులకో చెబితే చాలు.

కొండ మీద

అనంతగిరిని హిమాలయాలతో పోల్చకండి. చిన్న కొండలు, చిక్కటి అడవి, మలుపుల రోడ్డు, పొద్దున పూట పొగమంచు. ఇక్కడి గాలి మంచిదని క్షయ రోగుల ఆస్పత్రి కట్టారంటే అర్థం చేసుకోండి. అనంత పద్మనాభస్వామి గుడి, వ్యూ పాయింట్లు, కాస్త దూరంలో కోటిపల్లి రిజర్వాయర్‌లో కయాకింగ్... రెండు రోజులకు సరిపడా ఉంది.

వెళ్లేటప్పుడు ఒక సంచి తీసుకెళ్లండి. మీ చెత్త అందులోనే వేసుకుని వెనక్కి తెచ్చుకోండి. మూసీ మొదలయ్యేది ఇక్కడే. వ్యూ పాయింట్ దగ్గర పారేసిన చిప్స్ కవర్ కూడా వాన పడితే గండిపేట దారి పట్టొచ్చు. ఇంకో మాట, చీకటి పడకముందే కొండ దిగండి. రాత్రిళ్లు ఆ మర్రిచెట్ల మధ్య ఎదురొచ్చే లారీ లైట్లు తప్ప ఇంకేం కనపడవు.